బేరం రోజుల మాత్ర

మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సమ్మాయిలు సెలవు దొరికితే మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. ఆగిపోయిన గుండెను గుద్ది గుద్ది మళ్లీ కొట్టించిన కథ వినాలని వాళ్ల ఆశ. అలాంటివి నా దగ్గరా రెండు మూడు ఉన్నాయి. వాటిలో నా గొప్ప తక్కువ, ఆ రోగుల అదృష్టం ఎక్కువ. అందుకని నేను వేరే కథ చెబుతాను. అందులో నేను ఒక మనిషిని నెలల తరబడి తిట్టాను, ఆమె ఏ తప్పూ చెయ్యలేదు. రిటైరై రెండేళ్లయినా నాకది ఇంకా మింగుడుపడలేదు. ఇంటికి రాలేని అమ్మాయిల కోసం ఇక్కడ రాస్తున్నాను.

డెల్టాలో ఒక పట్నంలోని ప్రభుత్వాసుపత్రి. ఆడవాళ్ల మెడికల్ వార్డుకు నేను హెడ్ నర్సుని. నా నోటికి జడిసి కుర్ర డాక్టర్లు కూడా కేసు షీట్లు పూర్తిగా రాసేవారు. దాన్ని నేను క్రమశిక్షణ అనుకునేదాన్ని. నా వెనకాల వాళ్లు దాన్ని ఏమనేవారో నాకు తెలుసు గానీ అది అచ్చులో రాసే మాట కాదు.

ఆమె చేపలమ్మే మనిషి. సముద్రం ఒడ్డు ఊరు. తెల్లవారుతూనే రేవులో చేపలు కొని, తట్టలో ఐసు పోసుకుని, నలుగురితోపాటు ఆటో ఎక్కి మా ఊరు వచ్చేది. ఒంటిగంట దాకా వీధులు తిరిగి అమ్ముకుని, రెండింటికల్లా ఇల్లు చేరేది. ఆదివారం తప్పకుండా మా వీధికి వచ్చేది. మా గేటు బయట కూర్చుని కత్తిపీట పెట్టుకుని చందువాలో కానాగంతలో శుభ్రం చేసి ఇచ్చేది. ఆమె నా పేషెంటు కాకముందు ఆరేడేళ్లుగా నేను ఆమె ఖాతాదారుని. బేరం ఆడటంలో నన్ను ఓడించిన మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే.

ఒక ఎండాకాలం మూడు ఆదివారాలు రాలేదు. నాలుగో వారం కోడలి భుజం పట్టుకుని మా ఓపీకి వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగుతోంది. మాట మాటకీ ఊపిరి తీసుకుంటోంది. ఊళ్లో ఎవరో ఉబ్బసం అని రెండు నెలలు మందులిచ్చారట.

మా డాక్టరుగారు అప్పటికి ముప్పై అయిదు దాటని మనిషి. నెమ్మదస్తుడు. స్టెతస్కోపు తియ్యకముందే ఒక ప్రశ్న అడిగారు.

"రాత్రిళ్లు ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారమ్మా?"

"దిండ్లేం లేవండి. తట్ట బోర్లించి, దాని మీద చాప మడతేసి ఆనుకుని కూకుంటన్నానండి. పడుకుంటే నీళ్లల్లో మునిగినట్టుంటదండి."

డాక్టరుగారు నా వైపు చూశారు. సగం రోగం అక్కడే తెలిసిపోయింది. కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడి, అలాగే ఉండిపోయింది. మెడ దగ్గర నరం ఉబ్బి ఉంది. వీపు కింది భాగంలో స్టెతస్కోపు పెడితే చిటపటలు. తర్వాత ఎక్స్‌రే, ఈసీజీ, ఎకో. గుండె కొట్టుకుంటోంది గానీ నెట్టాల్సినంత రక్తంలో సగమే నెడుతోంది.

హార్ట్ ఫెయిల్యూర్ అనే మాట వినగానే కోడలు ఏడుపు మొదలుపెట్టింది. ఫెయిలంటే ఆగిపోవడం అనుకుంది. డాక్టరుగారు స్టూలు దగ్గరికి లాక్కుని చెప్పారు. "గుండె మోటారు లాంటిది. అది ఆగిపోలేదమ్మా. బలం తగ్గింది. తోడాల్సిన నీరు తోడలేక కాళ్లలో, ఊపిరితిత్తుల్లో నిలిచిపోతోంది. ఆ నీరు తీసేస్తాం, మోటారుకి బలం ఇస్తాం. మందులు మాత్రం వదలకూడదు."

తలవైపు మంచం ఎత్తి కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, నీరు తీసే ఇంజెక్షన్లు ఇచ్చాం. అయిదు రోజుల్లో నాలుగు కిలోలు దిగింది. పాదాల మీద నరాలు మళ్లీ కనపడ్డాయని ఆమె సంబరపడింది. పంపించేటప్పుడు జాగ్రత్తలు చెప్పే పని నాది. నాలుగు రకాల మాత్రలు. వాటిలో చిన్న తెల్లది నీరు తీసే మాత్ర, రోజూ పొద్దున్నే వెయ్యాలి. ఉప్పుచేప, ఊరగాయ, అప్పడం ముట్టుకోకూడదు. నీళ్లు కొలత ప్రకారం తాగాలి. రోజూ బరువు చూసుకోవాలి, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం కోసం ఎదురుచూడకుండా వచ్చెయ్యాలి.

"ఇంట్లో మిషను లేదు కదమ్మా, ఎలా చూసుకుంటావు?" అన్నాను.

"రేవులో కాటా ఉందండి. ముందు నేనెక్కుతాను, తరవాత చేపలెక్కుతాయండి."

ఆ మాట నేను వార్డంతా చెప్పుకుని నవ్వాను. నిజంగానే ఆదివారం మా గేటు దగ్గర తట్ట దించుతూనే, చేపల ధర కంటే ముందు తన బరువు చెప్పేది. ఎండలో వచ్చిందని మంచినీళ్లు ఇవ్వబోతే, "ఒద్దండి అమ్మగారూ" అనేది. పెదాలు ఎండిపోయి ఉండేవి. అయినా ముట్టుకునేది కాదు. నేను చెప్పిన కొలత ఇంత నిష్ఠగా పాటించే పేషెంటు ఇంకొకరు లేరని నేను మురిసిపోయాను. చూడండి, ఎంత చక్కగా మురిసిపోయానో.

రెండున్నర నెలలు గడిచాయో లేదో, కాళ్లు మళ్లీ వాచి వార్డుకు వచ్చింది.

"మందులు వేసుకుంటున్నావా?"

"ఏసుకుంటన్నానండి."

"ఉప్పుచేప తిన్నావు కదూ?"

"లేదండి."

నేను నమ్మలేదు. ఉప్పుచేపల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఇంటి ముందు తాడు మీద చేపలు ఎండుతుంటాయి, తినకుండా ఉంటుందా అనుకున్నాను. డాక్టరుగారు నీటి మాత్ర డోసు పెంచారు. నేను తిట్ల డోసు పెంచాను.

ఆ తర్వాత కార్తీకమాసం వచ్చింది. నెలంతా ఆమె బరువు ఇసుమంత కదల్లేదు. ఒక సోమవారం ద్రాక్షారామం వెళ్లి భీమేశ్వరస్వామిని చూసి, మెట్లన్నీ ఎక్కినా ఆయాసం రాలేదని చెప్పింది. మళ్లీ సోమవారం ఓపీ అయ్యాక డాక్టరుగారూ నేనూ టీ తాగుతూ ఈ సంగతి తేల్చేశాం. కార్తీకంలో నీచు తినరు. కాబట్టి ఉప్పుచేప తినలేదు. కాబట్టి నీరు పట్టలేదు. కాబట్టి మిగతా నెలల్లో తింటోంది. ఇంత తెలివైన ఆలోచన చేసినందుకు ఇద్దరం ఇంకో టీ చెప్పుకున్నాం.

మార్గశిరంలో రెండు వారాలు గడిచేసరికి ఆమె మళ్లీ వార్డులో ఉంది. ఈసారి నేను అందరి ముందూ నోరు చేసుకున్నాను.

"నెల్లాళ్లు నోరు కట్టుకోగలిగినదానివి, ఇప్పుడేమొచ్చింది? అంత రుచా?"

"ఉప్పుచేప నోట్లో ఎట్టుకుని ఏడు నెలలైందండి. మీరు ఒద్దన్న కాడ్నించి తినలేదండి."

"నాకు చెప్పకు."

పక్క మంచాలవాళ్లు ఇటే చూస్తున్నారు. ఆమె పైట చెంగు మొహం మీదికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. నేను నా రౌండు పూర్తి చేసుకున్నాను.

మాఘమాసంలో ఒక ఆదివారం. ఆమె మా వీధికి రాలేదు. నేను పన్నెండు గంటలకు డ్యూటీకి వెళ్లి చీర సర్దుకుంటుండగా ఒక ఆటో పోర్టికోలోకి వచ్చి ఆగింది. మార్కెట్లో కూరగాయలమ్మే ఒకావిడ ఆమెను పట్టుకుని కూర్చుంది. చేపల తట్ట కూడా ఆటోలోనే ఉంది. ఆమె నిటారుగా కూర్చుని రెండు చేతులతో సీటు పట్టుకుని గాలి కోసం కొట్టుకుంటోంది. పెదాలు నల్లబడ్డాయి. దగ్గుతుంటే గులాబి రంగు నురగ వస్తోంది. మాట లేదు, కళ్లు మాత్రం నన్ను గుర్తుపట్టాయి.

డాక్టరుగారు పరిగెత్తుకొచ్చారు. ఆక్సిజన్ మాస్కు బిగించాం, నీరు తీసే ఇంజెక్షన్ నరంలోకి ఇచ్చాం, సెలైన్ సీసాలో గుండె మీద భారం తగ్గించే మందు కలిపి బొట్టు బొట్టుగా వదిలాం, మూత్రం గొట్టం వేశాం. తర్వాత చెయ్యగలిగింది కనిపెట్టుకుని ఉండటమే. ఆ గంటసేపు నేను ఆమె మొహం కంటే మంచం కింద వేలాడే సంచీ వైపే ఎక్కువ చూశాను. మొదట చుక్కలు. తర్వాత ధార. సంచీ నిండుతున్నకొద్దీ ఆమె భుజాలు కిందికి దిగాయి. నాలుగింటికి మాస్కు పక్కకు తీసి, "తట్టలో ఐసు కరిగిపోతదండి" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచారు.

"సిస్టర్, ఇంకోసారి ఇలా వస్తే మన చేతుల్లో ఉండదు. మాత్ర డోసు ఇంతకు మించి పెంచితే కిడ్నీలు దెబ్బతింటాయి. రేపు రాజమండ్రి పంపిద్దాం. ఇకమీదట చేపల బేరానికి వెళ్లకూడదని కూడా రాసిచ్చేస్తాను."

ఆ రెండో మాట ఆమెకు ఎలా చెప్పాలో నాకు తోచలేదు. మొగుడు పోయి పన్నెండేళ్లు. కొడుకు, కోడలు మంచివాళ్లే. అయినా ఆమె ఎప్పుడూ నాతో ఒక మాట అనేది. "నా కూడు నేను తింటన్నానండి. పెద్దతనంలో అంతకంటే ఏం కావాలండి?" ఆ బేరం మాన్పిస్తే మనిషి ఇంట్లో ఉంటుంది, కానీ ఆ మనిషి ఉండదు. మాన్పించకపోతే అసలు మనిషే ఉండదు. రెండిట్లో ఏది తప్పో తేల్చుకోలేక నేను ఇంటికి వెళ్లాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆమె పక్క మంచం దగ్గర బీపీ చూస్తున్నాను. వార్డు ఆయమ్మ వచ్చి చేపలావిడ సంచీలోని మూత్రం కొలజాడీలోకి వంపుతోంది. వాళ్లిద్దరి మాటలు నా వీపు వెనక నడుస్తున్నాయి.

"ఇంటికెల్లేప్పుడు ఈ గొట్టం నాకిచ్చేత్తారా?" అంది ఆమె.

"దేనికే నీకు?"

"చీర కింద కట్టుకుని బేరానికి ఎల్తాను. ఎక్కడ కూకోవాలా అని ఎతుక్కునే బాద ఉండదు కదా."

ఆయమ్మ పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. బీపీ ఎంత చూశానో మర్చిపోయాను. ఆ పట్టీ విప్పేసి వెనక్కి తిరిగి, ఆమె మంచం అంచున కూర్చున్నాను. రోగి మంచం మీద కూర్చున్న విద్యార్థినులను నేను సర్వీసంతా లేపి నిలబెట్టినదాన్ని.

"బేరానికి వెళ్లే రోజు ఆ చిన్న తెల్ల మాత్ర వేసుకుంటున్నావా?"

ఆమె దుప్పటి అంచు సర్దింది. "మిగతాయన్నీ ఏసుకుంటానండి."

"అది?"

"అదేసుకుంటే గంటసేపట్లో ఎల్లాలండి. ఎల్లొచ్చిన అరగంటకి మళ్లీ ఎల్లాలండి. ఆటోలో ఎక్కడికెల్తానండి? ఈదుల్లో ఎక్కడికెల్తానండి? మార్కెట్ కాడున్న మరుగుదొడ్డికి ఎప్పుడూ తాళమేనండి. మొదట్లో ఒకరోజు ఏసుకెళ్లేనండి. మీ ఈది మలుపు కాడికొచ్చేతలికి ఆగలేదండి. చీర పాడైపోయింది. తట్ట దింపేసి గోడవారన అలాగే కూకుండిపోయేనండి. చీర ఆరేదాకా లెగలేదు. ఆ రోజు కాడ్నించి బేరం లేని రోజుల్లోనే ఏసుకుంటన్నానండి. శనోరం, సోమోరం."

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"డాక్టరుగారు మగాయన కదండి, ఆయన ముందు ఏం చెప్తానండి? మీరు ఉప్పు సంగతడిగేరు, నిజమే చెప్పేను. మాత్రలేసుకుంటన్నావా అన్నారు, ఏసుకుంటన్నానన్నాను. రోజూ అని నేననలేదండి."

కార్తీకం సంగతి అప్పుడు అర్థమైంది. ఆ నెల ఊళ్లో ఎవరూ చేపలు కొనరు. బేరం లేదు, కాబట్టి ఇంటిపట్టునే ఉంది. ఇంట్లో ఉంది, కాబట్టి రోజూ మాత్ర వేసుకుంది. మా రెండు టీల తెలివి అంతా అక్కడ తేలింది. సోమవారం ఓపీకి వచ్చాక, ఆసుపత్రిలో మరుగుదొడ్డి ఉంది కదాని మాత్ర వేసుకునేది కనుక అసలు ఉన్నంత చెడ్డగా మాకు ఎప్పుడూ కనపడలేదు. మా గేటు దగ్గర మంచినీళ్లు వద్దన్నది నా కొలత పాటించి కాదు. తాగితే వెళ్లాల్సి వస్తుందని.

మా పెరట్లో బాత్రూం ఉంది. గేటు నుంచి పది అడుగులు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా లోపలికి రమ్మనలేదు. చేపలమ్మే మనిషి గేటు బయటే కూర్చుంటుంది, అది అంతే అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, ఆ ఆలోచనే రాలేదు. ఇంకా సిగ్గుచేటు సంగతి ఏమిటంటే, నా మొదటి పోస్టింగులో నేను రోజూ రెండు బస్సులు మారి పల్లె ఆసుపత్రికి వెళ్లేదాన్ని. అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఇంటి దగ్గర బయల్దేరింది మొదలు సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగేదాన్ని కాదు. ఆ బాధ ఎలాంటిదో పుస్తకంలో చదవక్కర్లేని మనిషిని నేను. నాకే ఆ ప్రశ్న తోచలేదు.

"నువ్వు ఉప్పు తింటున్నావనుకున్నాను" అన్నాను. "నలుగురిలో తిట్టాను. తప్పు నాది."

వార్డులో అలాంటి మాట నా నోట ఎవరూ విని ఉండరు. ఆయమ్మ జాడీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఊరుకోండి సిస్టరుగారూ" అంది ఆమె. "తిట్టేరు గానీ, ఒక ఆదోరం రాకపోతే మా కోడలికి ఫోను చేసి అడిగేది మీరొక్కరేనండి."

ఆ మాటతో నాకు తేలికపడాలి. పడలేదు.

డాక్టరుగారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను రెండుసార్లు డోసు పెంచాను సిస్టర్" అన్నారు. "వేసుకోని మాత్రకి."

"మరిప్పుడేం చేద్దామండి?"

"పొద్దున్నే వెయ్యమనేది రాత్రి నిద్ర చెడకూడదని. అంతకు మించి అందులో శాస్త్రం లేదు. బేరం చూసుకుని రెండింటికి ఇంటికి వెళ్లాక వేసుకుంటే, రాత్రి ఎనిమిదింటికల్లా దాని పని అయిపోతుంది."

ఇన్ని నెలలూ ఆమె ప్రాణం ఆడింది ఆ ఆరేడు గంటల తేడా మీద. డాక్టరుగారు రాజమండ్రి కాగితం పక్కన పెట్టి, డోసు పాత లెక్కకు తగ్గించి, పొద్దున అన్నది కొట్టేసి మధ్యాహ్నం అని రాశారు. బేరం మానమనే మాట రాయలేదు. తట్ట నెత్తిన పెట్టుకుని తిరగొద్దని, మార్కెట్ దగ్గర ఒకచోట కూర్చుని అమ్ముకోమని మాత్రం అన్నారు. ఆమె ఆయనతోనూ బేరం ఆడింది. చివరికి వారమంతా మార్కెట్లో కూర్చునేట్టు, ఆదివారం ఒక్కపూట మా వైపు రెండు వీధులకూ ఆటోలో వచ్చేట్టు ఒప్పందం కుదిరింది.

ఆ తర్వాతి ఆదివారం గేటు తెరిచి, "పెరట్లోంచి వెళ్లు, బాత్రూం ఉంది" అన్నాను. ఆమె తన కాళ్ల వైపు చూసుకుంది. చేపల నీళ్లు కారుతున్నాయి. "కంపండి, ఒద్దండి" అంది. "ముప్పై నాలుగేళ్లు బెడ్‌పాన్లు ఎత్తినదాన్ని, నాకు కంపు సంగతి చెప్పకు" అని కసిరాను. మంచి మాట చెప్పాలన్నా నాకు వచ్చే గొంతు అదొక్కటే. వెళ్లి వచ్చింది. తర్వాత నేనిచ్చిన గ్లాసు నీళ్లు గేటు దగ్గర నిలబడి గటగటా తాగేసింది. అప్పుడు చేపల ధర చెప్పింది. ఒక్క రూపాయి తగ్గించలేదు.

మీరు అడుగుతారని చెబుతున్నాను, ఆమె ఇప్పటికీ ఉంది. మార్కెట్లోనే కూర్చుంటుంది. అయితే గుండె మొదటిసారి ఎకోలో ఉన్నంత బలానికి మళ్లీ రాలేదు. నీరు పట్టి వార్డులో పడిన ప్రతిసారీ గుండె కొంత బలం పోగొట్టుకుంటుంది, మందులతో కొంతే తిరిగి వస్తుంది. ఆ పోయిన బలంలో మా వాటా ఉంది. అది నేను ఎవరి మీదికీ నెట్టను.

మళ్లీ కార్తీకం వచ్చి వెళ్లింది, మార్గశిరమూ సగం గడిచింది. చేపల బేరం జోరుగా ఉన్న రోజులు. సోమవారం ఓపీకి ఆమె వచ్చింది. కాళ్లు వాయలేదు, బరువు మారలేదు. వెంట ఇద్దరు ఆడవాళ్లను తీసుకొచ్చింది. ఇద్దరూ వాళ్ల ఊరివాళ్లే, ఇద్దరూ చేపలమ్మేవాళ్లే. ఒకామెకు గుండె జబ్బు, ఇంకొకామెకు బీపీ. ఇద్దరికీ నీటి మాత్ర ఉంది. డాక్టరుగారు మొదటామె చీటీ చూసి, "మందులు రోజూ వేసుకుంటున్నారా అమ్మా?" అన్నారు.

"ఏసుకుంటన్నానండి" అందామె, నేల చూస్తూ.

నేను రాయబోతున్నాను. మా చేపలావిడ నా చెయ్యి పట్టుకుంది.

"రాయకండి సిస్టరుగారూ." అని ఆ మొదటామె వైపు తిరిగింది. "ఏసుకుని ఆటో ఎక్కుతున్నావా? మరి ఎక్కడికెల్తన్నావే? నాకు తెలీని చోటుంటే నాకూ చెప్పు."

ఆ ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. తర్వాత డాక్టరుగారి వైపు చూసి, మళ్లీ తలలు దించేసుకున్నారు.

డాక్టరుగారు ఓపీ మధ్యలో ఎప్పుడూ లేచే మనిషి కాదు. ఆ రోజు బయట ఇరవై మంది ఉన్నారు. ఆయన కలం మూసి జేబులో పెట్టుకుని, "సిస్టర్, నేను కాఫీ తాగి వస్తాను, కాస్త ఆలస్యమవుతుంది" అని బయటికి వెళ్లి, తలుపు దగ్గరగా వేశారు.

గదిలో మేం నలుగురం ఆడవాళ్లం మిగిలాం. మొదటామె స్టూలు నా కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టింది.